సీత కథ అందరి సొత్తు!

ఇంట్లో కూర్చుని, కంప్యూటర్ మీద ఒక్కతే బొమ్మలు గీసి గంటా ఇరవై నిమిషాల యానిమేషన్ సినిమా తీసిందామె. చిత్రోత్సవాల్లో చప్పట్లు మోగాయి. కానీ విడుదల చేసుకునే వీల్లేదు. అడ్డుపడింది ఎవరో కాదు... ఎనభై ఏళ్లనాటి పాటలు!

నీనా పేలీ అమెరికాలో కార్టూనిస్టు. భర్తకు తిరువనంతపురంలో ఉద్యోగం రావడంతో 2002లో ఆమె కూడా అక్కడికి వచ్చింది. రామాయణం మొదటిసారి చదివింది అక్కడే. ఆ తర్వాత పనిమీద న్యూయార్క్ వెళ్లింది. 'ఇక తిరిగి రావద్దు' అంటూ భర్త నుంచి ఈమెయిల్! ఏ తప్పూ చేయకుండానే భర్తకు దూరమైన సీత గుర్తొచ్చింది నీనాకి. అదే సమయంలో ఓ పరిచయస్థుల ఇంట్లో 1920ల నాటి గాయని అనెట్ హాన్షా పాటలు విన్నది. అన్నీ ప్రేమించి దగాపడ్డ ఆడవాళ్ల పాటలే. సీతే పాడుతున్నట్టు అనిపించింది. అంతే, 'సీతా సింగ్స్ ద బ్లూస్' మొదలైంది.

సినిమాలో సీత హాన్షా గొంతుతో పాడుతుంది. నీడబొమ్మలు మూడు కూర్చుని 'అప్పుడేమైందంటే...' అంటూ రామకథ చెప్పుకుంటాయి. మధ్యలో మన సినిమాల్లోలా ఇంటర్వెల్ కూడా ఉంటుంది. 2008లో బెర్లిన్ చిత్రోత్సవంలో మొదటిసారి ప్రదర్శించారు. అదే ఏడాది ఫ్రాన్స్‌లోని ఆనెసీ యానిమేషన్ ఉత్సవంలో ఉత్తమ చిత్రం బహుమతి వచ్చింది. రామకథను ఇలా చూపించడం నచ్చక అభ్యంతరం చెప్పినవాళ్లూ ఉన్నారు.

పాటకు తాళం

అసలు చిక్కు వేరే ఉంది. హాన్షా పాటల బాణీల మీద, మాటల మీద హక్కులు అప్పటికింకా కంపెనీల చేతుల్లోనే ఉండేవి. పాత లెక్క ప్రకారమైతే 75 ఏళ్లకే ఆ గడువు తీరిపోవాలి. కానీ 1998లో అమెరికా దాన్ని 95 ఏళ్లకు పొడిగించింది. హక్కుల కోసం మొదట అడిగిన మొత్తం దాదాపు 2,20,000 డాలర్లు! బేరాలాడగా 50,000కి దిగింది. అప్పు చేసి కట్టింది నీనా. అందులోనూ షరతులే. డీవీడీలు 4,999 దాటితే మళ్లీ డబ్బు కట్టాలి. ఉచితంగా ఇచ్చే కాపీలకు మాత్రం ఆ లెక్క లేదు.

ఆ వెసులుబాటునే వాడుకుందామె. 2009 మార్చిలో సినిమా మొత్తాన్ని ఇంటర్నెట్‌లో పెట్టేసింది. 'క్రియేటివ్ కామన్స్' అనే లైసెన్సు కింద తన పనిని అందరికీ వదిలేసింది. ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, టిక్కెట్టు పెట్టి ఆడించుకోవచ్చు. తన పేరు చెప్పాలి, మార్చి చేసినదాన్ని కూడా ఇదే స్వేచ్ఛతో పంచాలి... ఇవే ముఖ్యమైన షరతులు. పాటలు మాత్రం ఆమెవి కావు కాబట్టి వాటి హక్కులు అప్పట్లో వాటికే ఉండేవి. 2013లో పేరు చెప్పాలన్న షరతు కూడా తీసేసింది.

'ఊరికే ఇస్తే పొట్టగడిచేదెలా?' అన్న ప్రశ్న సహజం. సినిమా చూసి ముచ్చటపడ్డవాళ్లు విరాళాలు పంపారు, డీవీడీలు, టీషర్టులు కొన్నారు. పంచేకొద్దీ చూసేవాళ్లు పెరిగారు.

ఆలోచిస్తే ఇది మనకు కొత్తేం కాదు. వాల్మీకి రాసిన కథనే మొల్ల తన మాటల్లో చెప్పింది. తోలుబొమ్మలవాళ్లు తెరమీద ఆడించారు. ఊర్మిళ నిద్ర గురించి మన అమ్మమ్మలు పాటలు కట్టుకున్నారు. ఎవరూ ఎవరి అనుమతీ అడగలేదు. రామాయణానికీ తాళం వేసి ఉంటే, నీనా సినిమాయే ఉండేది కాదు.

మీరూ వీడియో తీస్తున్నారా?

పాప డ్యాన్సుకు సినిమా పాట పెట్టి యూట్యూబ్‌లోకి ఎక్కిస్తే హక్కుదారుల నుంచి అభ్యంతరం రావచ్చు. నెట్‌లో దొరికినంత మాత్రాన వాడుకోవచ్చని కాదు. క్రియేటివ్ కామన్స్ గుర్తున్న సంగీతం వెతకండి, షరతులు చదవండి, చేసినవాళ్ల పేరు వేయండి. మీ వీడియోను ఇతరులు వాడుకున్నా ఫర్వాలేదనుకుంటే, యూట్యూబ్‌లో ఆ లైసెన్సును మీరూ ఎంచుకోవచ్చు.

అన్నట్టు, 1929లో అచ్చయిన పాటలకు అమెరికాలో ఆ 95 ఏళ్ల గడువు 2024తో ముగిసింది. నీనా అప్పు చేసి కొన్న హక్కు... ఇప్పుడు అక్కడ అందరికీ ఉచితం!