డిస్కు లేని కంప్యూటర్లు ఎందుకు మేల్కొనలేదు?

బైలాడిలా అనగా ఎద్దు మూపురం. ఆ మూపురం మీది నుండి దిగివచ్చే ఎర్రధూళి పెరటిలోని తులసికోటను సైతం విడువదన్న సంగతి ఇచ్చట కాపురముంటున్న గృహిణులకు వేరుగా చెప్పనక్కరలేదు. కంప్యూటరు లోపలి ఫ్యానుకు ఆ ధూళి బద్ధశత్రువు. అందువల్లనే అప్రెంటిస్‌ల శిక్షణా గదిలో ఫ్యాను, హార్డు డిస్కు లేని చిన్న యంత్రాలను పదహారింటిని అమర్చుకున్నాము. వీటిని థిన్ క్లయింట్లు అంటారు. అన్నింటికీ ప్రాణాధారం ప్రక్క గదిలోని ఒకే ఒక లినక్స్ సర్వరు.

తనలో ఏమీ లేని యంత్రం మేల్కొనుట ఎట్లు? మీట నొక్కగానే అది "నా చిరునామా ఏది?" అని నెట్‌వర్క్ అంతటా కేక వేస్తుంది. సర్వరులోని డి.హెచ్.సి.పి. సేవ చిరునామాతో పాటు, తెచ్చుకొనవలసిన ఫైలు పేరును కూడా తెలుపుతుంది. ఆ ఫైలు, పిదప లినక్స్ కెర్నెల్ టి.ఎఫ్.టి.పి. ద్వారా వచ్చి చేరుతాయి. 1999లో ఇంటెల్ సంస్థ వెలువరించిన పి.ఎక్స్.ఇ. 2.1 నిబంధనలు ఈ పద్ధతికి ఆధారం.

గత వర్షాకాలంలో ఒక రాత్రి పిడుగుపాటుకు మా పాత నెట్‌వర్క్ స్విచ్ కాలిపోయినది. దాని స్థానంలో మేలురకం కొత్తది వచ్చినది. మరునాడు పదహారు తెరల మీదను ఒకటే సందేశం: పి.ఎక్స్.ఇ.-ఇ51. అనగా, కేకకు బదులు పలికినవారు లేరు. అప్రెంటిస్‌ల కంప్యూటరు పరీక్షకు రెండే రోజుల గడువు. వారికి అభ్యాసం చేయుటకు ఈ గది తప్ప వేరొక దిక్కు లేదు.

సర్వరులో సేవ నడుస్తూనే ఉన్నది. దాని లాగ్‌లో మాత్రం ఒక్క అభ్యర్థన కూడా నమోదు కాలేదు. మాలో ఒకరు సర్వరును తుడిచివేసి లినక్స్‌ను మొదటినుండి ఎక్కిద్దామన్నారు. అదృష్టవశాత్తు వారించగలిగాము, కేకయే చేరనప్పుడు వినేవాని చెవికి చికిత్స ఎందుకు?

కేబులు పొడవు చాలక, ఎలక్ట్రీషియన్ గారు స్టోర్సు నుండి ఒక పాత చిన్న స్విచ్ తెచ్చి మధ్యలో తగిలించారు. ఆ యంత్రం వెంటనే లేచినది! అప్పుడు గాని మాకు కారణం తట్టలేదు. కొత్త స్విచ్‌లో స్పానింగ్ ట్రీ అనే రక్షణ కలదు. ఏ పోర్టు కొత్తగా వెలిగినా, తీగలు ఎక్కడైనా వలయంగా చుట్టుకున్నాయేమో అని 15 సెకండ్లు ఆలకించి, మరి 15 సెకండ్లు చిరునామాలు నేర్చుకొని, ఆ తరువాతనే దారి విడుస్తుంది. మా యంత్రాలు అంతసేపు వేచియుండవు. మధ్యనున్న చిన్న స్విచ్ ఎన్నడూ ఆరదు గనుక దాని దారి తెరచియే ఉన్నది. క్లయింట్ల పోర్టులను మాత్రం ఎడ్జ్ పోర్టులుగా మార్చాము. రక్షణను పూర్తిగా తీసివేయుట ప్రమాదం. ఒక్క తీగ పొరపాటున రెండు కొసలా అదే స్విచ్‌కు తగిలినా నెట్‌వర్క్ అంతా స్తంభించవచ్చును.

అయినను రెండు మూడు యంత్రాలు, అవియు ప్రతిసారి ఒకటే కాదు, ఇ53 చూపసాగాయి. చిరునామా దొరికినది, ఫైలు పేరు దొరకలేదు అని దాని అర్థం. ఆ చిరునామా మా వరుసలోనిదే కాదు. వెదకగా, ప్రక్క గదిలో ఎవరో ఇంటి నుండి తెచ్చిన వైఫై రూటరును గోడ సాకెట్‌కు కలిపియున్నారు. అదియు చిరునామాలు పంచుతున్నది. ముందు పలికినవారి మాటే చెల్లుచున్నది. దానిని ఊడదీశాము. ఎవరిదని అడుగలేదు.

పరీక్షకు ముందురోజు ఉదయానికి పదహారు తెరలూ వెలిగాయి. ఆ చిన్న స్విచ్‌ను మాత్రం ఇంకను స్టోర్సుకు తిరిగి పంపలేదు.