నురగ వెనక ఏరు

వానల్లో కెలవరపల్లి ఆనకట్ట గేట్లు ఎత్తారంటే కెమెరా పట్టినవాళ్లకి పండగే. నీళ్లు దూకిన చోట తెల్లటి నురగ గుట్టలుగా లేస్తుంది. గాలికి తునకలై ఎగిరి వచ్చి చొక్కాకి అతుక్కుంటుంది. దూరం నుంచి చూస్తే దూది, దగ్గరికి పోతే మురుగు కంపు. హోసూరు పక్కనే కాబట్టి బెంగళూరు కాలేజీ పిల్లలు పొద్దున బండెక్కి వచ్చి, నురగ ముందు నిలబడి నాలుగు మాటలు చెప్పి, సాయంత్రానికి వీడియో ఎక్కించేయగలరు.

ఆ వీడియోల్ని నేను తక్కువ చెయ్యను. నురగ వార్తే. కాకపోతే కథ అక్కడ తేలుతుందంతే, పుట్టింది పైన.

నందికొండల్లో రెండు పినాకినులు పుడతాయి. ఉత్తర పినాకిని మన పెన్న; అనంతపురం, కడప దాటి నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. దక్షిణ పినాకిని హొసకోట వైపుగా దిగి, బాగలూరు దగ్గర కొడియాళం కాడ తమిళనాడులో అడుగుపెట్టి తెన్‌పెణ్ణై అవుతుంది. కెలవరపల్లి ఆనకట్ట దీని మీదే. మధ్యలో బెంగళూరు ఉంది. నగరం మురుగు బెళ్లందూరు చెరువుకి, అక్కణ్నుంచి వర్తూరు చెరువుకి, ఆపైన ఈ ఏటికి చేరుతుంది. 2017 ఫిబ్రవరిలో బెళ్లందూరు చెరువు మీద మంటలు లేస్తే దేశమంతా నోరెళ్లబెట్టి చూసింది. బట్టలుతికే పొడిలోని రసాయనాలు నీటి పైపొర బిగువు తగ్గిస్తాయి. ఆ నీళ్లు ఎత్తు నుంచి పడి గాలిని కలుపుకుంటే బుడగ తొందరగా చిట్లదు. గేటు ఇక్కడ కవ్వం పని చేస్తుంది, అంతే. కాబట్టి నురగ మీద తీసే డాక్యుమెంటరీకి మొదటి షాట్ ఏ అపార్ట్‌మెంటు బాల్కనీలోనో వాషింగ్ మెషీన్ గొట్టం మీద పడాలి. తీసే పిల్లవాడి ఇంట్లోనే దొరుకుతుంది, వెతకనక్కర్లేదు.

ఇలాంటి కథ తియ్యడం ఎలాగో నేర్పిన బడి ఒకటి తెలుగునాట ఉంది. దానికి తరగతి గదుల్లేవు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత ఆడవాళ్లు కెమెరా పట్టారు. దూరదర్శన్‌లో ప్రొడ్యూసర్‌గా చేసిన పి.వి. సతీశ్ వెనక ఉన్నారు. చదువు రాని చేతులు, పొద్దంతా కలుపు తీసిన చేతులు. షాట్లకి ఇంగ్లీషు పేర్లు ఎందుకని సొంత పేర్లు పెట్టుకున్నారు. కెమెరా కింద ఉండి మనిషిని పైకి చూస్తే పటేల్ షాట్. ఎత్తున నిలబడ్డ పటేలు కూలిమనిషి కంటికి అలాగే కనపడతాడు. పైనుంచి కిందికి చూస్తే బానిస షాట్. కంటికి కన్ను సమానంగా ఉంటే సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే నేల మీద కూర్చుంటారు. సినిమా పాఠ్యపుస్తకాలు పేజీల కొద్దీ చెప్పేది మూడు పేర్లలో తేలిపోయింది.

వీళ్లే 2002లో జన్యుమార్పిడి బీటీ పత్తి వచ్చిన కొత్తల్లో వరంగల్ చేలల్లో తిరిగి, రైతుల కోపాన్ని, నష్టాన్ని రికార్డు చేశారు. ఒక్కరోజు షూటింగుతో సరిపెట్టుకోలేదు. 2008 అక్టోబర్ 15న మొదలైన సంఘం రేడియో కూడా వీళ్లదే.

ఇప్పుడు కెలవరపల్లి మీద ఎగిరే డ్రోన్‌ని తలుచుకోండి. పైనుంచి చూస్తే నురగ అందంగా కనపడుతుంది, గట్టు మీద రైతు చీమంత. పస్తాపూర్ ఆడవాళ్ల లెక్కలో అది బానిస షాటే. గట్టు మీద గొంతుక్కూర్చుని ఉన్న మనిషిని తియ్యాలంటే మనమూ గొంతుక్కూర్చోవాలి. మోకాళ్లు నొప్పెడతాయి, ఫ్రేము మాత్రం కుదురుతుంది.

అప్పుడు మాట మొదలవుతుంది. ‘యాడనించి వొస్తా వుండారప్పా?’ అని అడుగుతారు. ఇది హోసూరు చుట్టుపట్ల మొరసునాడు తెలుగు. హైదరాబాద్ టీవీలో వినపడదు. ఎడిటింగ్ బల్ల దగ్గర కూర్చున్న విద్యార్థి ‘వుండారు’ని ‘ఉన్నారు’ అని దిద్ది సబ్‌టైటిల్ వేస్తే, మనిషి నోట్లోంచి ఊరిని పీకేసినట్టే. నన్నడిగితే ఆ దిద్దుబాటు నురగ కన్నా పెద్ద కాలుష్యం. అతి అనుకున్నా సరే.

బాగలూరు చుట్టుపట్ల చాలా ఇళ్లలో పిల్లాడికి ఇంట్లో తెలుగు, సరిహద్దు దాటితే కన్నడం, బళ్లో తమిళం. 2006లో తమిళనాడు చేసిన చట్టం ఒకటో తరగతి నుంచి ఏడాదికో మెట్టు చొప్పున తమిళాన్ని తప్పనిసరి చేస్తూ వచ్చి, 2016 నాటికి పదో తరగతి పరీక్షను తాకింది. తెలుగు మాధ్యమం పిల్లలకి ఆ పరీక్ష కోర్టు గడప తొక్కితే గానీ తేలని వ్యవహారమైంది. తల్లిదండ్రుల సంకటం అర్థమయ్యేదే: తమిళం వస్తే ఉద్యోగం, తెలుగు పోతే అవ్వతో మాట పోతుంది. ఈ సంకటం నురగలాగా గుట్టలుగా లేవదు, రోడ్డుకి అడ్డం పడదు. అందుకే దీన్ని తియ్యడానికి బండేసుకుని ఎవరూ రారు. తరగతికి పదిమంది, తర్వాత ఆరుగురు, తర్వాత ఇద్దరు అన్నట్టు ఒక బడి పలచబడితే దాన్ని ఏ లెన్సుతో పట్టుకోవాలి? ఏళ్ల తరబడి అదే గుమ్మం ముందు కెమెరా పెట్టాలి. సెమిస్టరు అంతసేపు ఆగదు మరి.

పాత్రికేయుడు పి. సాయినాథ్ 2014 డిసెంబర్‌లో మొదలుపెట్టిన వెబ్‌సైటు ‘పరి’ విద్యార్థుల చేత కూడా పల్లెల కథలు రాయించి, తీయించి అచ్చేసింది, తెలుగులోనూ చదవొచ్చు. కాలేజీలు ఆ పనికి మార్కులిస్తే బాగుండు. ఒక జట్టు తీసిన ఫుటేజీ మార్కులతో పాటే అటకెక్కకుండా, పై ఏడాది జట్టు చేతికి అందాలి. అదే గుమ్మం, అదే గట్టు, అదే ఎత్తులో కెమెరా.

నురగ కథకైనా అంతే. గేట్లు మూసిన ఎండాకాలంలో వెళ్లాలి. తెరమీద చూపించడానికి ఏమీ ఉండదు. మైకు ఆన్ చేసి గట్టు మీద ఊరికే కూర్చుంటే, గాలి, ఎక్కడో మోటారు చప్పుడు. అవతలి చేలోంచి ఎవరో పిల్లాణ్ని సంగటికి రమ్మని కేకేస్తారు, తెలుగులో. పిల్లాడు ఏ భాషలో బదులిస్తాడో రికార్డు అవనివ్వండి.