బెజవాడ మేటి ఎవరు?

ఒకరి చేతిలో పావులు... మరొకరి చేతిలో బాణాలు! బెజవాడ క్రీడల చరిత్రలో ఎవరు గొప్ప అన్న చర్చ మొదలైతే, ఇటు తిరువూరు వాళ్లయినా ముందుగా చెప్పాల్సిన పేర్లు రెండు: కోనేరు హంపి, వెన్నం జ్యోతి సురేఖ.

గుడివాడలో పుట్టిన హంపికి నాన్న అశోకే తొలి గురువు. 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయి, జుడిత్ పోల్గార్ రికార్డును చెరిపేసింది. 2017లో పాప పుట్టింది. తర్వాత ఆటలోకి తిరిగొచ్చి 2019లో, మళ్లీ 2024లో ప్రపంచ ర్యాపిడ్ కిరీటం గెలిచింది. 2025 ప్రపంచకప్‌లోనూ ఫైనల్ దాకా వెళ్లింది.

సురేఖ పేరు మొదట మోగింది కృష్ణమ్మ ఒడిలో. నాలుగేళ్లకే నదిని ఈదిన ఆ చిన్నారి తర్వాత విల్లు పట్టింది. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఏకంగా మూడు స్వర్ణాలు!

మరి ఒలింపిక్ పతకమేదీ అంటారా? చదరంగానికి అక్కడ చోటే లేదు. సురేఖ ఆడే కాంపౌండ్ విలువిద్యకూ ఇన్నాళ్లూ లేదు. 2028 లాస్ ఏంజెలెస్ క్రీడల్లో మిక్స్‌డ్ టీమ్ పోటీగా తొలిసారి చేర్చారు. కాబట్టి ఆ తూకంతో ఈ ఇద్దరినీ తూచడం న్యాయం కాదు.

రెండు దశాబ్దాలు దాటినా ప్రపంచ స్థాయిలో నిలవడమే గీటురాయి అయితే ఈరోజుకి ఓటు హంపికే. సురేఖ అమ్ములపొదిలో బాణాలు మాత్రం ఇంకా ఉన్నాయి!