చక్రాల కుర్చీ.. చక్కగా నడవాలంటే!

‘దెబ్బేమీ తగల్లేదు సార్, మోకాలు మాత్రం ఇంత లావైంది’ అంటూ ఈమధ్య ఒకాయన్ని మా ఆసుపత్రికి తీసుకొచ్చారు. చెట్టు మీంచి పడి వెన్నుపాము దెబ్బతినటంతో ఆయనకు నడుము కింద స్పర్శ లేదు. ఎక్స్‌రే తీస్తే మోకాలి పైన ఎముక విరిగి ఉంది. గుచ్చి గుచ్చి అడిగితే ఇంట్లోవాళ్లకు గుర్తొచ్చింది. రెండు రోజుల కిందట బ్యాటరీ కుర్చీలోంచి మంచం మీదికి మారుస్తుంటే మోచేయి జాయ్‌స్టిక్‌కు తగిలిందట. కుర్చీ ముందుకు కదిలి, కాలు మంచం పట్టెకు నొక్కుకుపోయింది. కదలిక లేని కాళ్లలో ఎముకలు గుల్లబారతాయి. చిన్న ఒత్తిడికే విరుగుతాయి. నొప్పి తెలియదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఒక్క స్విచ్ ఆపి ఉంటే ఇదంతా తప్పేది.

ఎక్కినా దిగినా స్విచ్ ఆపాలి

కుర్చీలోకి ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ముందు స్విచ్ ఆపాలి. పాదాలు పెట్టుకునే పలకలను పైకి మడవాలి. వాటి మీద నిలబడితే కుర్చీ ముందుకు ఒరిగిపోతుంది. చాలా కుర్చీల్లో మోటార్ దగ్గర ఒక లివర్ ఉంటుంది. దాన్ని విడిపిస్తే కుర్చీని చేత్తో నెట్టొచ్చు గానీ బ్రేకులు పనిచేయవు. వాలుగా ఉన్నచోట దాన్ని ముట్టుకోవద్దు.

నెమ్మదిగా నేర్చుకోవాలి

మొదట్లో ఖాళీ స్థలంలో, అతి తక్కువ వేగంలో సాధన చేయాలి. జాయ్‌స్టిక్ వదిలేస్తే కుర్చీ ఆగుతుంది. కానీ కంగారులో చాలామంది దాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటారు. అందుకే ‘వదిలెయ్’ అనేది ముందు అలవాటు కావాలి. ర్యాంప్ ఎత్తు ఒక అడుగైతే పొడవు 12 అడుగులుండాలి. నేరుగా ఎక్కాలి, నేరుగా దిగాలి. మధ్యలో మలుపు తిప్పొద్దు. బెల్టు పెట్టుకోవాలి. చీర కొంగు, లుంగీ అంచు, దుప్పటి చక్రాల్లో పడకుండా చూసుకోవాలి. పక్షవాతం వచ్చినవారిలో కొందరు ఒక పక్కనున్న వాటిని గుర్తించలేరు. మూర్ఛ, చూపు సమస్యలున్నవారు, మత్తు కలిగించే మందులు వాడేవారు డాక్టర్‌ను అడిగాకే నడపాలి.

బ్యాటరీ సంగతి..

చాలా కుర్చీల్లో 12 వోల్టుల బ్యాటరీలు రెండుంటాయి. ‘పూర్తిగా అయిపోయాకే చార్జింగ్ పెట్టాలి’ అనేది అపోహ. లెడ్ యాసిడ్ బ్యాటరీ అలా ఖాళీ అయినకొద్దీ త్వరగా పాడవుతుంది. వాడిన రోజల్లా రాత్రికి పూర్తిగా చార్జ్ చేయాలి. దీనికి సుమారు 8-10 గంటలు పడుతుంది. వాడకుండా పెట్టినా వారానికోసారి చార్జింగ్ పెట్టాలి. వేడి బ్యాటరీకి శత్రువు. మన అనంతపురం జిల్లా ఎండలకు రేకుల కింద, వాకిట్లో వదిలేయకుండా నీడన ఉంచాలి.

చార్జింగ్ గాలి ఆడే చోట పెట్టాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీ నుంచి మండే వాయువు వెలువడొచ్చు. కాబట్టి బీడీ, అగరుబత్తి, పొయ్యి దగ్గరుండకూడదు. కుర్చీతో వచ్చిన చార్జరే వాడాలి. లిథియం బ్యాటరీ చార్జర్ వేరు, లెడ్ యాసిడ్ చార్జర్ వేరు. బ్యాటరీ ఉబ్బినా, వాసన వచ్చినా వెంటనే ప్లగ్ తీసేయాలి. మార్చేటప్పుడు రెండూ ఒకేసారి మార్చాలి. కుర్చీని నీళ్లతో కడగొద్దు. తడిగుడ్డ గట్టిగా పిండి తుడవాలి.

ఎండలో ఆగిపోతే?

మెడ, ఛాతీ పైభాగంలో వెన్నుపాము దెబ్బతిన్నవారికి ఆ కింది శరీరానికి చెమట సరిగా పట్టదు. ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది. వీరికి నడిరోడ్డు మీద చార్జింగ్ అయిపోవటమంటే ప్రాణం మీదికి రావటమే. బయల్దేరే ముందే బ్యాటరీ గుర్తు చూసుకోవాలి. సగానికి రాకముందే ఇంటిదారి పట్టాలి. ఫోన్, నీళ్ల సీసా వెంట ఉండాలి. ఆగిపోతే సమతలంలో లివర్ విడిపించి, ఎవరితోనైనా నీడకు నెట్టించుకోవాలి. ఒంటి మీద తడిగుడ్డ వేసి గాలి ఆడనివ్వాలి. తల తిరిగినా, మాట తడబడినా 108కి ఫోన్ చేయాలి.

కూర్చున్నంతసేపూ 15-30 నిమిషాలకోసారి పిరుదులపై బరువు తగ్గేలా పైకి లేవాలి లేదా పక్కకు ఒరగాలి. రాత్రి చార్జింగ్ పెట్టేటప్పుడే కాళ్లు, పిరుదులు ఒకసారి చూసుకోవాలి. స్పర్శ లేని కాలు వాచినా, వేడిగా ఉన్నా నూనె రాసి మర్దన చేయొద్దు. ఎముక విరిగి ఉండొచ్చు, రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి.

- ఫిజీషియన్, ప్రభుత్వాసుపత్రి, కళ్యాణదుర్గం