ఆంగ్లమున 'హ్యావ్' క్రియ – తుర్కీభాషలో దాని పర్యాయములు

ఆంగ్లభాషాభ్యాసమునకు గడంగిన బాలుడు మొట్టమొదట నేర్చుకొను క్రియలలో 'హ్యావ్' అనునది యొకటి. 'ఐ హ్యావ్ ఎ బుక్' అను వాక్యమునకు 'నాకు పుస్తకము కలదు' అని యుపాధ్యాయుడు అర్థము చెప్పును. అర్థము సరియైనదే. కాని యిందు జరిగిన మార్పును విచారించువారు తక్కువ. ఆంగ్లవాక్యమున 'నేను' కర్త, పుస్తకము కర్మ. తెలుగువాక్యమున పుస్తకమే కర్త; 'నేను' అను పదము షష్ఠ్యంతమై 'నాకు' అయినది; సకర్మకక్రియ తొలగి సత్తార్థకక్రియ వచ్చినది. అనగా నిచట మాటకు మాట వచ్చుట కాక, వాక్యము యొక్క కట్టడియే తలక్రిందయినది. ఇట్లగుట తెలుగునకు మాత్రమే చెల్లునది కాదు. తుర్కీభాషలోను 'హ్యావ్'నకు సరియైన క్రియ లేదు. ఆ భాష ఈ యక్కఱను తీర్చుకొను విధమును మన విధముతో సరిపోల్చినచో, మన వ్రాతలలో ప్రబలిన యొక దుష్ప్రయోగము యొక్క స్వరూపము తేటపడును.

మొదట ఆంగ్లపదమును గుఱించి కొంత చెప్పవలయును. 'హ్యావ్'నకు ప్రాచీనాంగ్లరూపము 'హబ్బన్'. లాటినుభాషలోని 'హబేరె' అను క్రియకును దీనికిని అర్థసామ్యము, రూపసామ్యము ఉన్నను, ఇవి జ్ఞాతిపదములు కావనియు, 'గ్రహించు' అను నర్థము గల లాటిను 'కాపెరె' దీనికి జ్ఞాతియనియు నిరుక్తవేత్తలు నిర్ణయించిరి. కావున దీని మూలార్థము పట్టుకొనుట. చేత బట్టినది తనదనెడి భావము క్రమముగా విరిసి, స్వామ్యము, బంధుత్వము, గుణము, వ్యాధి, భోజనము, విధి, గతక్రియ మున్నగు నర్థములన్నియు నీ యొక్క క్రియపై పడినవి. లాటినునందే 'నాకు కలదు' అను నర్థమున 'మిహి ఎస్ట్' అను ప్రయోగమును కలదు. రష్యనుభాషలో 'నాయొద్ద కలదు' అనుటయే వాడుక. ఫ్రెంచి భాషావేత్త ఎమీల్ బెన్వెనిస్త్ 1960లో ప్రకటించిన వ్యాసమున, 'హ్యావ్' వంటి క్రియలు నిజమునకు 'ఒకనికి ఉండుట' అను భావమునే తిరుగవేసి చెప్పునవని వాదించెను. సంస్కృతమున 'మమ అస్తి' అనుటకు అలవడిన మన పండితులకు ఈ మాట వింతగా దోపదు.

ఇక తుర్కీభాష. ఆ భాషలోని కొన్ని యచ్చులు తెలుగులిపికి లొంగవు గావున ఈ క్రింది యుచ్చారణము ఉజ్జాయింపుగా గ్రహింపదగినది. 'ఉన్నది' అనుటకు ఆ భాషలో 'వార్', 'లేదు' అనుటకు 'యోక్' అను రెండు వేర్వేఱు పదములు కలవు. ఇవి ధాతువులు కావు, నామములవలె వర్తించును. 8వ శతాబ్దిలో చెక్కబడిన ఓర్ఖోన్ శాసనములలోను ఇవి 'బార్', 'యోక్' అను రూపములతో కానవచ్చును. 'నాకు పుస్తకము కలదు' అనుటకు తుర్కీవాక్యము 'బెనిమ్ కితాబిమ్ వార్'. 'బెనిమ్' అనగా నాయొక్క. 'కితాబిమ్' అనగా నా పుస్తకము. 'వార్' అనగా కలదు. స్వామి షష్ఠిలో నుండుటయే గాక, వస్తువు కూడ స్వామిని దెలుపు ప్రత్యయమును తాల్చును. 'ఇకి ఓలుమ్ వార్' అనగా నాకు ఇద్దఱు కుమారులు కలరు. 'వక్తిమ్ యోక్' అనగా నాకు తీరిక లేదు. ప్రత్యయమే స్వామిని దెలుపుచున్నందున ఈ వాక్యములలో 'బెనిమ్' అను పదమును విడుచుటయు కలదు.

తెలుగున కలదు–లేదు అను జంటకును ఈ వార్–యోక్ జంటకును పోలిక స్పష్టము. రెండు భాషలలోను వ్యతిరేకార్థము నఞర్థకప్రత్యయముచేత గాక ప్రత్యేకపదముచేతనే చెప్పబడును. రెంటను పూర్ణకాలరూపములు లేవు. మన 'కలదు' భూతకాలమున 'ఉండెను' అని ధాత్వంతరము నాశ్రయించును. 'వార్' భూతప్రత్యయమును గైకొని 'వార్ది' అగును గాని, భవిష్యత్తునందు 'ఓల్' అను ధాతువు నాశ్రయించును. భేదములును లేకపోలేదు. మనకు కలడు, కలదు, కలవు అని లింగవచనభేదము కలదు. పైని జూపిన వాక్యములలో 'వార్' మాఱదు.

ఇంతకంటె ముఖ్యమైన విషయ మొకటి కలదు. తుర్కీలో 'పారామ్ వార్' అనినచో నాకు ధనము కలదని యర్థము; ఇది స్వామ్యము. 'బెన్దె పారా వార్' అనినచో ఇప్పుడు నాయొద్ద డబ్బున్నదని యర్థము; ఇచట 'బెన్దె' సప్తమ్యంతము. ఆ డబ్బు పరులదైనను కావచ్చును. ఆంగ్లమున 'ఐ హ్యావ్ మనీ' అను నొక్క వాక్యమే ఈ రెంటికిని చెల్లును. తెలుగున మరల రెండు: 'నాకు ధనము కలదు', 'నాయొద్ద ధనమున్నది'. పాణిని మతుప్ప్రత్యయమును విధించుచు, 'అది వీనికి కలదు', 'అది వీనియందు కలదు' అని షష్ఠీసప్తముల రెంటి యర్థములను వేర్వేఱుగా పేర్కొనిన సంగతి పండితు లెఱిగినదే. తుర్కీవాక్యముల రెంటికిని సరిగా నవియే విభక్తులు. బాలవ్యాకరణమున చిన్నయసూరి కి, కు అను ప్రత్యయములను షష్ఠిలో జేర్చుటయు ఇచట స్మరింపదగినది. చతుర్థిగా నెంచువారు 'నాకు' అనుటలో దానార్థమును వెదకి చిక్కుపడుదురు. షష్ఠిగా నెంచినచో 'నాకు కలదు', 'మమ అస్తి', 'బెనిమ్ వార్' అను మూడును ఒక్క త్రోవన నడచుచున్నట్లు కనబడును.

మతుబర్థమున కొక ప్రత్యయమును తుర్కీలో కలదు. 'పారా' అనగా ధనము. 'పారాలి' అనగా ధనవంతుడు. 'పారాసిజ్' అనగా ధనహీనుడు. 'ఆకిల్' అనగా బుద్ధి. 'ఆకిల్లి' అనగా బుద్ధిమంతుడు. 'లి' అనునది మన 'కల, గల' అను దానికిని, 'సిజ్' అనునది 'లేని' అను దానికిని స్థానాపన్నములు. ఈ ప్రత్యయములలోని యచ్చు, ప్రకృతిలోని యచ్చును బట్టి మాఱుచుండును. హరికి, రామునకు అనుచో మన ప్రత్యయము మాఱుటవంటిదే ఇదియు. అయితే తుర్కీలో నీ నియమము మిక్కిలి విస్తృతము.

స్వామ్యము గాక తక్కిన యర్థములలో 'హ్యావ్'నకు తుర్కీలో వేర్వేఱు మార్గములు. జ్వరము వచ్చినదనుటకు 'ఆతెషిమ్ వార్', అనగా 'నా నిప్పు కలదు' అందురు. తలనొప్పికి 'నా తల నొచ్చుచున్నది' అని క్రియనే వాడుదురు. ప్రాతఃకాలభోజనమునకు 'కహ్వాల్తి' అని పేరు. కాఫీకి ముందు తినునది యని దాని వ్యుత్పత్తి. దానికి 'చేయు' అను క్రియను జోడింతురు గాని 'కలదు' అనరు. ఇంకొకనిచే ఇల్లు కట్టించితి ననుటకు ఆంగ్లమున 'హ్యావ్' వచ్చును. తుర్కీలో 'ఎవ్ యాప్తిర్దిమ్' అని ప్రేరణప్రత్యయము వచ్చును. మన 'ఇంచు' చేయు పని యదియే. పోవలెననుటకు 'గిత్మెమ్ లాజిమ్', అనగా 'నాయొక్క పోవుట యావశ్యకము' అందురు.

గతక్రియయందు మఱియొక చిక్కు కలదు. 'హి హ్యాజ్ కమ్' అను వాక్యమును తుర్కీలోనికి దెచ్చువాడు, వక్త ఆ రాకను తానెఱిగి చెప్పుచున్నాడా, లేక వినియో ఆనవాళ్లను బట్టి యూహించియో చెప్పుచున్నాడా యని విచారింపక తప్పదు. తానెఱిగినదైన 'గెల్ది', వినినదియో యూహించినదియో యైన 'గెల్మిష్'. వినినదానికి మనము 'వచ్చెనట' అందుము; అయితే మనకది యైచ్ఛికము, తుర్కీవారికి ఈ భేదము క్రియారూపమునందే యిమిడియున్నది. ఆంగ్లవాక్యము ఈ విషయమున మౌనము వహించును. ఆ మౌనమును నింపుట అనువాదకుని పని.

ఈ పోలికలను జూచి రెండు భాషలకును జ్ఞాతిత్వము కల్పింపరాదు. 1856లో కాల్డ్వెల్ తన ద్రావిడభాషల తులనాత్మకవ్యాకరణమున, తుర్కీ మొదలగు వానిని జేర్చిన 'సిథియన్' వర్గముతో ద్రావిడభాషలకు సంబంధము గలదని ప్రతిపాదించెను. నేటి భాషాశాస్త్రజ్ఞులు దాని నంగీకరింపరు. ప్రత్యయములను వరుసగా జేర్చు నిర్మాణము ఒకటియగుట వేఱు. ఒక తల్లికి బుట్టుట వేఱు.

తుర్కీలో 'హ్యావ్'నకు సమీపమైన పదబంధ మొకటి లేకపోలేదు. అది 'సాహిప్ ఓల్మాక్', అనగా స్వామి యగుట. 'సాహిప్' అరబ్బీపదము, మన 'సాహేబు' అదియే. సహచరుడని దాని ప్రాచీనార్థము. 1932లో స్థాపింపబడిన తుర్కీ భాషాసంఘము అన్యదేశ్యములను తొలగింప బూనుకొనినప్పుడు దీనికి మాఱుగా 'ఇయె' అను దేశ్యపదము ప్రతిపాదింపబడెను. స్వామ్యప్రత్యయమునకు వ్యాకరణమున 'ఇయెలిక్' అను పేరు నిలిచినది గాని, వ్యవహారమున 'సాహిప్' పోలేదు. ఆస్తిపాస్తులను గుఱించిన గంభీరరచనలో 'సాహిప్ ఓల్మాక్' ఒప్పును. అన్నదమ్ములను, తీరికను గుఱించి చెప్పునప్పుడు దానిని వాడిన కృతకముగా నుండును. అచట 'వార్' అనునదే సహజము.

మన దుష్ప్రయోగము ఈ సందర్భముననే పరిశీలింపదగినది. 'అతడు ముగ్గురు కుమారులను కలిగియున్నాడు', 'ఈ గృహము నాలుగు గదులను కలిగియున్నది' అను వాక్యములు పాఠ్యపుస్తకములలోను, పత్రికలలోను, ప్రకటనలలోను విరివిగా గన్పట్టుచున్నవి. 'కలుగు' అకర్మకధాతువు. ధనము కలుగును, సంతానము కలుగును. కలుగునది కర్తయే గాని కర్మ కాదు. 'ధనము కలిగినవాడు' అనుచో ధనము ప్రథమాంతమే. దానిని 'ధనమును' అని ద్వితీయాంతము చేయుట, అకర్మకమునకు ఆంగ్లక్రియ యొక్క కర్మను దెచ్చి యంటగట్టుట. తుర్కీవారు కనీసము స్వామి యను నామమును గైకొని, దానికి దగిన విభక్తితో వాక్యమును గట్టిరి. వారి వ్యాకరణమునకు భంగము లేదు. మన వాక్యమున వ్యాకరణమే చెడినది. అంతకుమించిన నష్టము, 'ఆయనకు', 'ఆయనయొద్ద', 'ఆయనయందు' అని మన భాష పాటించు భేదములన్నియు నీ యొక్క 'కలిగియుండుట'లో కలిసి మాసిపోవుట.

కావున నిఘంటుకర్తలు 'హ్యావ్'నకు 'కలిగియుండు' అని యొక్క యర్థము వ్రాసి విడువక, బంధుత్వమునకు 'కు కలరు', చేతిలోని వస్తువునకు 'యొద్ద నున్నది', గుణమునకు 'అందు కలదు', ప్రేరణమునకు 'ఇంచు', విధికి 'వలెను' అని సోదాహరణముగా విభజించి చూపవలయును. ఉపాధ్యాయులును బాలునిచే ఆంగ్లవాక్యమును తెనిగింపించునప్పుడు మొదట ఆ సంబంధ మెట్టిదో చెప్పించి, పిమ్మట విభక్తిని నిర్ణయింప జేయుదురు గాక. ఇట్లు నేర్చిన బాలునికి ఆంగ్లమును బాగుగా వచ్చును, తెలుగును చెడదు.