వేవ్ వార్ప్‌తో జెండా ఎగరేస్తున్నారా? ముందు ఈ సెట్టింగ్స్ మార్చండి!

ఆగస్టు 15, జనవరి 26 దగ్గర పడితే చాలు, వాట్సాప్ స్టేటస్‌ల నిండా జెండా వీడియోలే. వాటిలో కొన్నింటిని కాస్త ఆగి చూడండి. జెండా కర్రని వదిలేసి గాల్లో జెల్లీలా ఊగుతుంటుంది. మధ్యలో అశోక చక్రం వంకర్లు తిరిగి జిలేబీలా కనిపిస్తుంది. వేవ్ వార్ప్ ఎఫెక్ట్ వేసి డీఫాల్ట్ సెట్టింగ్స్‌తోనే వదిలేస్తే ఇలాగే ఉంటుంది. నాలుగైదు సెట్టింగ్స్ అర్థమైతే ఒక్క పీఎన్‌జీ ఫైల్‌తోనే నీట్‌గా ఎగిరే జెండా చేసేయొచ్చు.

ఈ ఎఫెక్ట్ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో డిస్టార్ట్ కేటగిరీలో ఉంటుంది. ప్రీమియర్ ప్రోలోనూ ఇదే పేరుతో దొరుకుతుంది. లోపల నడిచేది మనం ఇంటర్‌లో చదివిన సైన్ వేవే. డైరెక్షన్ 90 డిగ్రీలు ఉంటే అలలు ఎడమ నుంచి కుడికి వెళ్తాయి, పిక్సెల్స్ మాత్రం పైకీ కిందకీ జరుగుతాయి. కీఫ్రేమ్స్ పెట్టకపోయినా దానంతటదే కదులుతుంది.

ముందు పిన్నింగ్

డీఫాల్ట్‌గా ఇది నన్ అని ఉంటుంది. అందుకే కర్ర వైపు అంచు కూడా ఊగిపోతుంది. దాన్ని లెఫ్ట్ ఎడ్జ్‌కి మార్చండి. ఎడమ అంచు కదలకుండా ఉండి, లోపలికి వెళ్లేకొద్దీ ఊపు వస్తుంది. ఒక జాగ్రత్త: ఇక్కడ అంచు అంటే లేయర్ అంచు. పీఎన్‌జీలో జెండాకి ఎడమ వైపు ఖాళీ ఉంటే ఆ ఖాళీకే పిన్ పడుతుంది. ముందే క్రాప్ చేసుకోండి.

చక్రం చెడకుండా విడ్త్

మన జెండా కొలత 3:2. అంటే 1200×800 పిక్సెల్స్ ఇమేజ్‌లో తెల్ల పట్టీ ఎత్తు సుమారు 267 పిక్సెల్స్. చక్రం అందులోనే ఇమడాలి. డీఫాల్ట్ వేవ్ విడ్త్ 40 పిక్సెల్సే, అంటే ఒక్క చక్రంలోనే దాదాపు ఆరు అలలు! 24 ఆకులూ చెదిరిపోక ఏమవుతాయి? నేనైతే విడ్త్ 600, హైట్ 25 దగ్గర మొదలుపెడతాను. జెండా మొత్తానికి రెండే అలలు వస్తాయి, చక్రం చక్రంలాగే ఉంటుంది.

గాలి పెరగాలంటే స్పీడ్ ముట్టుకోవద్దు

చాలామందికి చిరాకు తెప్పించేది ఇదే. స్పీడ్‌కి కీఫ్రేమ్స్ పెడితే జెండా పిచ్చెక్కినట్టు కొట్టుకుంటుంది. కారణం సింపుల్. అల ఎక్కడుందో లెక్కేసేటప్పుడు మొత్తం టైమ్‌ని ఇప్పటి స్పీడ్‌తో గుణిస్తుంది. 8వ సెకనులో స్పీడ్ 1 ఉంటే 8 సైకిల్స్. 10వ సెకనుకి స్పీడ్ 2 చేస్తే 20 సైకిల్స్. రెండు సెకన్లలో మూడు సైకిల్స్ తిరగాల్సింది కాస్తా 12 తిరుగుతుంది. అందుకే స్పీడ్ 0 చేసి, ఫేజ్‌కి కీఫ్రేమ్స్ పెట్టండి. ఫేజ్ ఎంత త్వరగా పెరిగితే గాలి అంత జోరుగా ఉన్నట్టు.

స్టేటస్‌కి అతుకు కనిపించని లూప్

గాలి ఒకేలా ఉంటే స్పీడ్ వాడొచ్చు. స్పీడ్‌ని క్లిప్ నిడివితో గుణిస్తే పూర్ణాంకం రావాలి, అంతే. 4 సెకన్ల క్లిప్‌కి స్పీడ్ 0.5 పెడితే సరిగ్గా రెండు సైకిల్స్. చివరి ఫ్రేమ్ తర్వాత మొదటిది వచ్చినా జర్క్ ఉండదు. 0.6 పెడితే 2.4 సైకిల్స్, లూప్ తిరిగిన ప్రతిసారీ జెండా ఎగిరిపడుతుంది.

అసలు గుడ్డలా కనిపించాలంటే

ఒకే అల మరీ లెక్కప్రకారం కదులుతున్నట్టు ఉంటుంది. ఇంకో వేవ్ వార్ప్ వేసి విడ్త్ 350, హైట్ 8, స్పీడ్ 1 పెట్టండి. దీనికీ పిన్నింగ్ లెఫ్ట్ ఎడ్జే. 4 సెకన్ల లూప్ కూడా చెడదు. ఇంకో లోటు వెలుగు నీడలు. వేవ్ వార్ప్ పిక్సెల్స్‌ని జరుపుతుందే తప్ప మడతల్లో నీడ వేయదు. జెండా మీద నిలువు గ్రే గ్రేడియంట్ చారలు మల్టిప్లై మోడ్‌లో పెట్టి, ఒపాసిటీ తగ్గించి, అల వేగంతోనే కుడికి జరపండి. ఇమేజ్‌లో ముందే నీడలుంటే ఈ స్టెప్ అక్కర్లేదు.

డబ్బులు పెట్టలేం అంటే ఉచితంగా దొరికే కెడెన్‌లైవ్‌లో వేవ్ ఎఫెక్ట్ ఉంది. దాంట్లో పిన్నింగ్ లేదు కాబట్టి కర్రకి కట్టిన జెండాకి పనికిరాదు. చెరువులో ప్రతిబింబం కదిలించడానికి మాత్రం బాగానే సరిపోతుంది.