నేల మనది... దారి వాళ్లది!

మన చేలోకి వెళ్లాలంటే పక్క రైతు చేలోంచి తప్ప మరో దారి లేదనుకోండి. ఏం చేస్తాం? 'కాస్త దారివ్వన్నా' అని అడుగుతాం. ఆయన సరేనంటే... నేల ఆయనదే, నడిచే హక్కు మనది. మరి ఒక దేశం ఇంకో దేశానికి ఇలా దారివ్వాల్సి వస్తే? అంతర్జాతీయ న్యాయశాస్త్రంలో అలాంటి హక్కుని 'సర్విట్యూడ్' అంటారు. సొంత నేలమీద తన అధికారానికి తానే కొంత హద్దు గీసుకోవడమన్నమాట. అలాంటి దారి ఒకటి మన దేశంలోనే ఉంది. అదే... తీన్‌బిఘా!

178 మీటర్ల దూరం

పశ్చిమ బెంగాల్‌లోని కూచ్‌బెహార్ జిల్లాలో ఉందీ నడవా. పొడవు 178 మీటర్లు, వెడల్పు 85 మీటర్లు. దీనికి అటూ బంగ్లాదేశే, ఇటూ బంగ్లాదేశే! దహగ్రామ్, అంగర్‌పోతా అనే ఊళ్లు ఆ దేశానివే అయినా వాటి చుట్టూ ఉన్నది భారత భూభాగం. సంతకెళ్లాలన్నా, రోగిని పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లాలన్నా అక్కడివాళ్లకి అడ్డం ఆ 178 మీటర్లే.

1974 మే 16న ఇందిరాగాంధీ, షేక్ ముజిబుర్ రెహమాన్ ఓ ఒప్పందానికొచ్చారు. దాని ప్రకారం దక్షిణ బేరుబారిలో సగభాగం భారత్‌కే ఉంటుంది. దహగ్రామ్, అంగర్‌పోతా బంగ్లాదేశ్‌కే ఉంటాయి. తీన్‌బిఘాని మాత్రం భారత్ ఆ దేశానికి శాశ్వతంగా లీజుకివ్వాలి. అద్దె ఎంతో తెలుసా... ఏడాదికి ఒక్క టాకా. అదీ కట్టక్కర్లేదని 1982లో మన ప్రభుత్వం చెప్పేసింది!

కోర్టు మెట్లెక్కిన దారి

కానీ నడవాకి దక్షిణాన ఉన్న కుచ్లిబారి ప్రజలకు గుండెల్లో రాయి పడింది. ఆ దారి వాళ్లకిచ్చేస్తే తమ ఊళ్లకి రాకపోకలు తెగిపోతాయని వాళ్ల భయం. ఆందోళనలు జరిగాయి, కేసులు పడ్డాయి. శాశ్వత లీజంటే దేశపు నేలని ధారపోయడమేనా అన్నది ప్రశ్న. కాదని 1990లో సుప్రీంకోర్టు తేల్చింది. నడిచే హక్కు ఇచ్చినా తీన్‌బిఘా మీద సార్వభౌమాధికారం భారత్‌దేననీ, అందుకోసం రాజ్యాంగాన్ని సవరించనక్కర్లేదనీ చెప్పింది.

చివరికి 1992 జూన్ 26న గేట్లు తెరుచుకున్నాయి. మొదట్లో పగటిపూట గంట విడిచి గంట మాత్రమే. పొద్దుగూకితే తాళమే. రాత్రిపూట ఎవరికైనా ప్రాణం మీదికొస్తే తెల్లారేదాకా ఎదురుచూడాల్సిందే. 24 గంటలూ తెరిచి ఉంచడం మొదలైంది 2011లో. ఒప్పందం కుదిరిన 37 ఏళ్లకు!

2015లో రెండు దేశాలూ ఒకదాని నేలలో మరొకదానికున్న 162 భూఖండాలను మార్చుకున్నాయి. దహగ్రామ్, అంగర్‌పోతా మాత్రం మారలేదు. అందుకే తీన్‌బిఘా అవసరమూ తీరలేదు. అక్కడ రెండు రోడ్లు ఒకదాన్నొకటి దాటుకుపోతాయి. ఒకదానిమీద కుచ్లిబారి వాళ్లు భారత్‌లోంచి భారత్‌లోకి వెళ్తారు. రెండోదానిమీద దహగ్రామ్ వాళ్లు బంగ్లాదేశ్‌లోంచి బంగ్లాదేశ్‌లోకి!